జాడ పడని తొవ్వ

మమతారాణి పొద్దున్నే బండలు తుడిచేటప్పుడు ఇంట్లోవాళ్లను ఎక్కడివాళ్లను అక్కడే కూర్చోమని గదమాయిస్తుంది, ఒక్క మామను తప్ప. నాగయ్య తడి బండల మీద అటూ ఇటూ తిరిగి, చెంబు వెతుక్కుని, వాకిట్లోకి పోయి మళ్లీ లోపలికి వచ్చినా ఒక్క మరక కూడా పడదు. ఆయన అడుగుకు జాడ లేదు. బురదలోనూ అంతే, దుబ్బలోనూ అంతే. పుట్టుకతోనే అంతేనట. ఊళ్లో దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోరు. ఫలానా ఆయనది ఎడమచేతి వాటం అన్నట్టుగా చెప్పుకుంటారు.

నారుమడిలో మొలకలు చల్లే రోజుల్లో మాత్రం నాగయ్యకు మహా గిరాకీ. మామూలు మనిషి దిగితే అడుగు పడినచోటల్లా గుంట పడుతుంది, అందులో నీళ్లు నిలిచి గింజ కుళ్లుతుంది. నాగయ్య మడంతా తిరిగి చల్లి వచ్చినా మడి ఎట్లా ఉన్నది అట్లాగే ఉంటుంది. ఇంకో రకం గిరాకీ కూడా ఉండేది ఒకప్పుడు. పెద్దలు ఒప్పుకోని పిల్లా పిల్లగాడూ ఆయన చెయ్యి పట్టుకుని జమ్మికుంట రైల్వే స్టేషన్ దాకా నడిచేవాళ్లు. ఆయన చెయ్యి పట్టుకున్నంతసేపు వాళ్ల అడుగులకూ జాడ ఉండేది కాదు. తెల్లారి కర్రలు పట్టుకుని బయల్దేరిన బంధువులు ఊరి పొలిమేరలో నిలబడి తలలు గోక్కునేవాళ్లు. ఇప్పుడు ప్రేమించుకున్నవాళ్లకు బండ్లున్నాయి కనుక ఆయనతో పని లేదు.

మమతారాణి జమ్మికుంట మార్కెట్ యార్డులో ఒక అడ్తి దుకాణంలో కంప్యూటర్ మీద పత్తి తూకాలు ఎక్కిస్తుంది. మొగుడు సంపత్ గల్ఫులో పెద్ద పెద్ద బిల్డింగుల పని. శుక్రవారం ఆయనకు సెలవు. ఆ రోజు మధ్యాహ్నం ఫోనొస్తే స్పీకర్ పెట్టడం ఆ ఇంటి ఆచారం. ఆ ఇంటిదనేముంది, ఆ వాడకట్టు అంతటిదీ. గల్ఫు ఫోనంటే మొగుడూ పెళ్లాల సంగతి కాదు, ఇంటిల్లిపాదిదీ, ఆ సమయానికి చాయ్ తాగడానికి వచ్చిన పక్కింటివాళ్లదీ కూడా. పెళ్లయిన ఇన్నేళ్లలో మమత మొగుడితో ఫోన్లో ఒంటరిగా మాట్లాడిందే లేదు.

అలాంటిది, ఆ శుక్రవారం సంపత్ "మమతా, జర స్పీకర్ తియ్యి" అన్నాడు.

కూర్చున్నవాళ్లందరూ ముసిముసిగా నవ్వారు. మమత సిగ్గుపడుతూ ఫోను చెవికి ఆనించుకుని బర్రెల కొట్టం వెనక్కి పోయింది. ఏం ముద్దు మాట చెప్తాడో అనుకుంది పాపం.

"ముత్యం దుంకలే," అన్నాడు సంపత్.

ముత్యం అదే వాడకట్టు మనిషి. సంపత్‌తో కలిసి పోయాడు, ఒకే గదిలో పైమంచం, కిందిమంచం. మొన్న వానకాలంలో పని చేస్తున్న బిల్డింగు మీది నుంచి పడి చచ్చిపోయాడు. పెట్టెలో ఇంటికొచ్చాడు. ఆయన తనంతట తానే దూకాడని కంపెనీ కాగితం ఇచ్చింది. ఇక్కడి సగం మందిని గల్ఫు పంపిన హుజూరాబాద్ ఏజెంటు ఆ కాగితాన్ని పెట్టె పక్కనే నిలబడి అందరికీ వినబడేలా చదివాడు.

"నేను చూసిన మమతా. మన బిడ్డకు సముద్రం సూపెడ్దామని మీదికెళ్లి వీడియో తీస్తున్న. ఎనుక ముత్యం నడుస్తుండు. కాళ్ల కింది చెక్క పల్క ఇరిగింది. అంతా ఫోన్ల పడ్డది."

"మరి ఇన్నొద్దులు ఎందుకు చెప్పలే?" అంది మమత.

"ఎట్ల చెప్పాలె? క్యాంపుల నెట్టు కంపెనీది. ఎవలు ఏం పంపినా వాళ్లకు తెలుస్తది. ఫోటో పెట్టిన ఇద్దరు పోరగాండ్లను పోలీసోళ్లు పట్టుకపోయిన్రు, ఇంకా జాడ లేదు. ఇప్పుడు బయట దుకాన్ల నిలబడి మాట్లాడుతున్న. వీపీఎన్ అని ఒకటుంటదట. గది ఏసుకుంటె ఎవలు పంపిన్రో తెల్వదట. ఏది మంచిదో జర తెలుసుకో. ఎవలకు చెప్పకు."

మమత అక్కడే గడ్డివాముకు ఆనుకుని చాలాసేపు నిలబడింది. ఆమెకు గుర్తొచ్చింది ముత్యం కాదు, ముత్యం పెళ్లాం సృజన.

ముత్యం చనిపోయే ముందురోజు సృజన అతనితో ఫోన్లో కొట్లాడింది. బతుకమ్మకు వస్తానని మాటిచ్చి రానన్నాడని కొట్లాట. "రాకుంటె రాకు, నువ్వు లేకున్నా నాకైతది" అని ఫోను పెట్టేసింది. తర్వాత అతను చేస్తే ఎత్తలేదు. కొన్నాళ్లకొకసారి అందరూ అనే మాటే అది. కానీ ఏజెంటు కాగితం చదివినప్పుడు ఆ పిల్లకు వినబడింది ఒక్కటే, తన మాటకు మొగుడు దూకాడని. ఆ రోజే ఫోనును బియ్యం గుమ్మిలో పాతిపెట్టింది. అత్త రామవ్వ పెట్టె ముందు కూర్చుని ఏడ్చింది, తర్వాత లేచి వంట చేసింది. సృజన ఏడవలేదు, తినలేదు. ఎవరేం చెప్పినా "నన్ను సమ్జాయించకున్రి" అనేది. ఎండిన పత్తికట్టెలా అయిపోయింది. పల్క విరిగింది చెల్లె అని మమత పోయి చెప్పినా నమ్మే స్థితిలో లేదు. కళ్లతో చూడాలి.

రహస్యంగా తెలుసుకోమన్నాడు కదా అని మమత సదానందం నెట్ దుకాణానికి పోయింది. పాస్‌పోర్టు దరఖాస్తులు, టికెట్లు, రీచార్జీలు అన్నీ అతని దగ్గరే. కౌంటర్ మీదికి వంగి చిన్నగా అడిగింది. సదానందానికి చిన్నగా మాట్లాడటం రాదు.

"వీపీఎనా! సంపత్ బావకా! ఏం పంపుతడట గంత పర్దాల?"

ఏం చెప్పాలో తోచక, "సినిమాలు దించుకుంటడట" అంది మమత.

చీకటి పడేలోపు వాడకట్టంతా ఆమె మీద దయ తలచింది. సంపత్‌కు ఏ వీపీఎన్ కొనాలన్నది అరుగుల మీద, బోరింగు దగ్గర, కిరాణా కొట్టు ముందు చర్చకు వచ్చింది. ఒకరి గుట్టు కాపాడే వస్తువును ఎంచుకోవడానికి అంతమంది కూర్చోవడం ఎక్కడా జరిగి ఉండదు. మనవాళ్లకు సాయం చేయడమంటే ముందు విషయం మొత్తం తెలుసుకోవడమే మరి.

"ఫ్రీది ఏసుకొమ్మను," అన్నాడు దుబాయి నుంచి వాపసు వచ్చిన హనుమండ్లు. "మేమందరం గదే ఏసుకున్నం. మా ఫోర్మన్ సారే స్వయంగ ఎక్కించిండు."

మమత మనసులో ఆ పేరు కొట్టేసింది.

అడ్తి దుకాణంలో పత్తి బండ్ల మధ్య ఖాళీ దొరికినప్పుడల్లా ఆమె చదివింది. ఒక్కో కంపెనీ ఒక్కో తీరుగా ఊరిస్తోంది. నీ ఫైలును మా గుప్పిట్లో పెట్టి, మా తొవ్వన తీసుకుపోయి, అవతల దింపుతాం, చూసేవాళ్లకు మేమే కనబడతాం, నువ్వు కనబడవు అంటాయి అన్నీ. తేడా అంతా ఆ తర్వాత ఉంది. కొందరు ఎవరిని ఎక్కడ దింపారో రాసి పెట్టుకుంటారు. పోలీసులొచ్చి గట్టిగా అడిగితే తీసి ఇస్తారు. కొందరు నడుమ తొవ్వ తెగిపోతే ఫైలును నడిబజార్లో వదిలేస్తారు. పైసలు తీసుకోనివాళ్లు నీ వివరాలు అమ్ముకుని బతుకుతారు. దాచిపెడతామనేవాళ్లు కాదు తనకు కావాల్సింది, దాచడానికే ఏమీ మిగలనివాళ్లు కావాలని మమతకు అర్థమైంది. ఎక్కడో సముద్రం నడుమ దీవిలో ఉన్న ఒక కంపెనీ, మేము ఏదీ రాసుకోము అని పెద్ద అక్షరాలతో రాసి పెట్టింది. రాసుకోరని నమ్మేదెట్లా అన్నది ఆమెకు తెగలేదు.

ఈలోపు సదానందం పిలిచాడు. అతని దగ్గర మంచి వీపీఎన్ ఒకటి ఉంది, ఆ దీవి కంపెనీదే. కానీ ఒక్కటే కొని, వాడకట్టులోని గల్ఫు ఇండ్లన్నిటికీ పంచుతున్నాడు. వేరువేరుగా కొనడం దండుగ కదా. పాస్‌వర్డు ఎవరూ మర్చిపోకుండా గోడ మీద మార్కర్‌తో రాశాడు. ఆప్యాయంగా కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పాడు.

అందులో ఎవరెవరి ఫోన్లు ఉన్నాయో పేర్లతో సహా కనబడుతోంది. వెంకటేశ్ బావ, దుబాయి. పోచయ్య కొడుకు, మస్కట్. అందరి కింద కొత్తగా సంపత్, పనిచేసే కంపెనీ పేరుతో సహా. దానికి పైన ఏజెంటు బావమరిది.

"ఈయన కూడ గిదే వాడుతడా?" అంది మమత ఏజెంటు బావమరిది పేరు చూపిస్తూ.

"మనోడేగదక్కా."

"సంపత్ పేరు తీసెయ్ తమ్మీ."

"తీసేస్తె ఎట్ల? రేపు ఏదన్న లొల్లయితే ఎవలదో నాకెట్ల తెలుస్తది?"

చివరికి తీయించింది. తనకోసం వేరుగా ఒకటి కొనిపించుకుంది కూడా. తర్వాతి శుక్రవారం సంపత్ ఫోను చేస్తే ఆ పేరు చెప్పింది.

"ఇగ అది గాదు మమతా. గేటుకాడ ఫోన్లు తీసి చూస్తున్రు. వీడియోనైతే దాసిన గని, గా వీపీఎన్ గుర్తు కనబడ్డా సాలు, అదే నేరం. ఏది మంచిదైనా నేను ఏసుకోరాదు."

ఆ మాట విన్న రోజే సృజన బోరింగు దగ్గర బిందెతో సహా పడిపోయింది. హుజూరాబాద్ దవాఖానాలో సెలైన్ ఎక్కించి పంపారు. మందు లేదు, తినాలి అన్నాడట డాక్టరు. రామవ్వ ముద్ద కలిపి నోటి దగ్గర పెడితే సృజన తల తిప్పుకుంది. మమత అది చూసి ఇంటికొచ్చి, వాకిట్లో కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

నాగయ్య బీడీ ఆర్పి వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"ఏమైంది బిడ్డా? వాడకట్టంత సినిమాల ముచ్చట చెప్తున్నది. సినిమాకు ఎవలన్న గిట్ల ఏడుస్తరా?"

మమత ఇక దాచలేదు. ముత్యం సంగతి, వీడియో సంగతి, ఆ కంపెనీలు చెప్పేదంతా మామకు అర్థమయ్యే మాటల్లో చెప్పింది. ఒకడు మన వస్తువు చెయ్యి పట్టుకుని, జాడ పడకుండా నడిపించి, అవతల దింపుతాడు, ఎవరు అడిగినా వాడి దగ్గర చెప్పడానికి ఏమీ ఉండదు, అలాంటివాడు కావాలి మామా అంది.

"గా పని నేను చేయలేనా?" అన్నాడు నాగయ్య.

మమత ముక్కు తుడుచుకుంది. ఇన్ని రోజులూ తనకు ఎందుకు తోచలేదో అని మాత్రం అనుకుంది.

శుక్రవారం దాకా ఆగారు. ఇంట్లోవాళ్లను బాసర బయల్దేరిన బస్సెక్కించి పంపింది మమత. నాగయ్య స్నానం చేసి, ఉతికిన ధోతి కట్టుకుని, సంపత్ ఫోను రాగానే తానే తీసుకున్నాడు.

"ఇను బిడ్డా. నేను చెయ్యి పట్టుకొని తీసుకపోయిన తొవ్వ ఎవలకు యాదుండదు. పోయినోనికి యాదుండదు, పంపినోనికి యాదుండదు. అప్పట్ల స్టేషన్‌కు తోలిచ్చినోళ్లు పిల్లల తల్లులై వచ్చిన్రు, ఎట్ల పోయినమో తెల్వదన్నరు. నువ్వు గిది పంపిన సంగతి రేపు నీకే తెల్వది. నీ పెండ్లానికి తెల్వది."

"మంచిదే బాపూ. కంపెనోళ్లు అడిగితే నాకు తెల్వదనే చెప్త గద."

"కంపెనోళ్లు కాదురా. మనోళ్లు. నువ్వు ఆన్నే ఉండి నోరు తెరువలేదని తిడుతరు. పడాలె. నువ్వు కూడ నిజమే అనుకుంటవు."

ఫోనులో ఎడారి గాలి సప్పుడు వినిపించింది. ఎవరో బండి హారన్ కొట్టారు.

"పడ్త బాపూ," అన్నాడు సంపత్. "ఆ పిల్ల బతకాలె ముందుగాల."

"మరి నీకు, మామా?" అంది పక్కన నిలబడ్డ మమత.

"నాకు యాదుంటది. ఎవలో ఒకలకు ఉండాలెగద."

నాగయ్య ఫోనును రెండు అరచేతుల నడుమ పట్టుకుని, "రా బిడ్డా, పైలంగ రా" అన్నాడు. నడక నేర్చే పిల్లను పిలిచినట్టే పిలిచాడు. ఫోను కాస్త వెచ్చబడింది. ఆయన లేచి, ఫోనును అట్లాగే పట్టుకుని వాడకట్టు వెంట నడిచాడు. ఎండలో అరుగుల మీద కూర్చున్నవాళ్లు నాగయ్య పోతున్నాడని చూశారు, మరుక్షణం మర్చిపోయారు. రామవ్వ ఇంట్లోకి పోయి బియ్యం గుమ్మిలో చెయ్యి పెట్టాడు. అడుగున ఉన్న ఫోను తీసి, ఊది, మమత ఇచ్చిన వైరుతో చార్జింగ్ పెట్టాడు. అది వెలిగాక ఒక చేతిలో ఆ ఫోను, ఇంకో చేతిలో ఈ ఫోను పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. తర్వాత దాన్ని గోడవైపు తిరిగి పడుకున్న సృజన చేతిలో పెట్టి వచ్చేశాడు.

కాసేపటికి ఆ ఇంట్లోంచి ఏడుపు వినబడింది. చావు రోజున రాని ఏడుపు అది. వాడకట్టంతా ఉరికింది. అందరితోపాటు మమత కూడా ఏమైందో ఏమోనని ఉరికింది. సృజన ఫోను గుండెకు అదుముకుని ఒకటే మాట. "దుంకలేదు అత్తమ్మా. నవ్వుకుంట నడుస్తుండు. పల్క ఇరిగింది. దుంకలే." రామవ్వ కోడలి తలను ఒళ్లోకి లాక్కుని వీపు నిమిరింది. ఆ పొద్దుటి అన్నంలోనే నీళ్లు పోసి, ఉల్లిగడ్డ నంజుకుని తిన్నది సృజన. రామవ్వ మళ్లీ పెడితే మళ్లీ తిన్నది.

ఎవరు పంపారో తేలలేదు. సంపత్ వీపీఎన్ మీద అరుగుల మీద జరిగిన చర్చ కూడా ఎవరికీ యాదికి రాలేదు. ఏజెంటు వచ్చి ఫోను చూశాడు, సదానందం చూశాడు, ఆఖరికి పోలీసులు తీసుకుపోయి చూశారు. వచ్చిన నంబరు లేదు, వచ్చిన వేళ లేదు. ఏజెంటు ముఖం వేలాడేసుకుని హుజూరాబాద్ పోయాడు. అవతల కంపెనీవాళ్లు క్యాంపులో ప్రతి ఒక్కడినీ నిలబెట్టి అడిగారు. సంపత్‌ను ముగ్గురు కూర్చుని అడిగారట, ఫోను వెతికితే అందులోనూ ఏమీ దొరకలేదట. నాకు తెలియదు సాబ్ అన్నాడు. అబద్ధమాడేవాడి ముఖం వాళ్లకు తెలుసు, ఇది ఆ ముఖం కాదు. వదిలేశారు. కొత్త కాగితం వచ్చింది, అందులో పల్క విరిగిందని ఉంది. మమత ఒకరోజు తన ఫోనులో ఏదో వీపీఎన్ కనబడితే, ఇదెందుకు కొన్నానో అనుకుని తీసిపారేసింది.

మరుసటి ఎండాకాలం సంపత్ రెండు నెలల సెలవు మీద ఇంటికొచ్చాడు. మళ్లీ అదే కంపెనీకి పోవాలి. సృజన అప్పటికి పత్తి మిల్లులో పనికి పోతోంది. మనిషి తేరుకుంది. ఆటోలో పక్కవాళ్లతో నవ్వుతూ మాట్లాడుతోంది కూడా. సంపత్ వచ్చిన తెల్లారి పలకరిద్దామని ఆమె వాకిట్లోకి పోయాడు. వెనుక మమత, గల్ఫు నుంచి తెచ్చిన సబ్బులు, ఖర్జూరాలు పట్టుకుని.

సృజన కూర్చోమనలేదు.

"అన్నా, నువ్వు ఆ దినం ఆన్నే ఉన్నవా?"

"ఉన్న చెల్లె."

"పల్క ఇరుగుడు చూసినవా?"

సంపత్ తల వంచుకున్నాడు. పల్క విరగడం అతనికి బాగా గుర్తుంది. ఆ తర్వాత ఏం చేశాడో ఎంత వెతికినా దొరకదు. ఏమీ చేయలేదు కాబోలు. "చూసిన," అన్నాడు.

"చూసి ఊకున్నవు. ఒక్క మాట చెప్తే అయిపోతుండె. నేను సావబోయిన అన్నా. ఎవలో, ముక్కూ ముఖం తెల్వనోడు, వాని పానం మీదికి తెచ్చుకొని పంపిండు. నువ్వు ఆయన కింది మంచంల పన్నోనివి."

"తప్పే చెల్లె," అన్నాడు సంపత్.

మమత ఖర్జూరాల సంచి అరుగు మీద పెట్టి, ముఖం ఎర్రగా, మొగుడి కన్నా ముందే ఇంటిదారి పట్టింది. ఆ రోజు ఆమె అతనితో మాట్లాడలేదు. తన మొగుడు పిరికివాడని ఆమెకు మొదటిసారి తెలిసింది. ఆ బాధ ఎవరికీ చెప్పుకునేది కాదు.

మధ్యాహ్నం సంపత్ తిండికి రాలేదు. నాగయ్య వెతుక్కుంటూ పోతే కొట్టం వెనుక, గడ్డివాము పక్కన కూర్చుని ఉన్నాడు. నాగయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు. నిజం నోటి దాకా వచ్చింది. చెప్తే ఏమవుతుందో కూడా ఆయనకు తెలుసు, చెప్పిన క్షణం జాడ పడుతుంది. ఇంకా రెండు నెలల్లో వీడు ఆ గేటులోంచే లోపలికి పోవాలి. ఆయన బీడీ వెలిగించుకున్నాడు.

"నేను గంత పిరికోన్ని అనుకోలే బాపూ," అన్నాడు సంపత్. "ఆ పంపినోడు ఎవడో గని, మనిషంటె వాడు. దొరికితే కాళ్లు మొక్కుత."

నాగయ్య కొడుకు ముఖంలోకి చూశాడు. ఆ మాటకు ఆయన కళ్లు నిండాయి. తుడుచుకోలేదు, పొగ అనుకుంటాడులే అనుకున్నాడు. చెయ్యి చాపి కొడుకు తల మీద పెట్టి, చాలాసేపు తీయలేదు.

"మొక్కుదువు గని," అన్నాడు. "లే, అన్నం తిందువు."